రెండు డబ్బాలు – ఒకే బండి

గడచిన విద్యాసంవత్సరంలో మన కళాశాలలో పరిశుభ్రతను గురించి వ్యాసరచన పోటీ జరిగినది. తెలుగు వ్యాసాలను దిద్దే భారం నామీద పడినది. ఏ వ్యాసం తీసి చూచినా తడి చెత్తను వేరుగా, పొడి చెత్తను వేరుగా ఉంచవలెనని స్పష్టంగా వ్రాసి ఉన్నది. విద్యార్థులు ఇంటింటికి తిరిగి ప్రజలలో చైతన్యం కలిగించవలెనని అందరూ ముక్తకంఠంతో అన్నారు. భాష చాలవరకు నిర్దుష్టంగానే ఉన్నది. ఒకరిద్దరు 'విభజన'లోని ఒత్తును మరచిపోయారు, అంతే. నేను సంతోషించి మార్కులు ధారాళంగా వేశాను.

బహుమతి ప్రదానం ముగిసిన పిమ్మట అందరికీ సమోసాలు, టీ ఇచ్చారు. అరగంట తరువాత సభామందిరం వెలుపలికి వచ్చి చూస్తే గుమ్మం ప్రక్కన ఉన్న ఆకుపచ్చ డబ్బా నిండి పొర్లుతున్నది. టీ కప్పులు, తిని వదలిన సమోసా ముక్కలు, నూనె అంటిన కాగితాలు, బహుమతులకు చుట్టిన రంగుల కాగితం, ప్లాస్టిక్ రిబ్బను, అన్నీ అందులోనే ఉన్నవి. అడుగు దూరంలో నీలం డబ్బా ఖాళీగా నోరు తెరచుకొని ఉన్నది. ప్రథమ బహుమతి అందుకొన్న చేతిలోని కప్పు కూడా ఆ ఆకుపచ్చ డబ్బాలో పడడం నేను కన్నులారా చూచాను. నా కప్పు ఎక్కడ పడినదో మాత్రం నాకు గుర్తు లేదు. ఆ సంగతి ఒప్పుకొనక తప్పదు.

ఇంతలో ఊడ్చే మనిషి తోపుడు బండి తెచ్చి ఆకుపచ్చ డబ్బాను అందులో కుమ్మరించాడు. తరువాత దూరంగా గ్రంథాలయం వద్ద ఉన్న నీలం డబ్బాను తెచ్చి అదే బండిలో కుమ్మరించాడు. ప్రక్కన నిలబడి ఉన్న విద్యార్థి ఒకడు నన్ను అడిగాడు: "సార్, రెండూ ఒకే బండిలో పోసేటప్పుడు రెండు డబ్బాలు ఎందుకు సార్?"

తెలుగు అధ్యాపకునికి మాటలు కరవు కావడం అరుదు. ఆనాడు నాకు జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా వ్రాస్తున్న జవాబు.

అసలు చెత్త అంటే ఏమిటి? నిఘంటువులో అర్థం సులభంగానే దొరుకుతుంది. నాకు ఆ మాట అర్థమైనది మాత్రం కర్నూలులో. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రి పొంగి ఆ నగరాన్ని ముంచివేసిన సంగతి మన ప్రాంతంలో ఎవరూ మరువలేదు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నీరు తీసిన తరువాత మిత్రులతో కలిసి బంధువుల ఇంటికి సహాయానికి వెళ్లాను. వీధి పొడవునా బురద దిబ్బలు. ఆ దిబ్బలో బియ్యం ఉన్నది, పాఠ్యపుస్తకాలు ఉన్నవి, పరుపులు, పెండ్లి చీరలు, మందుసీసాలు, కిరోసిన్ డబ్బాలు ఉన్నవి. వారం క్రితం వాటిలో ఏ ఒక్కటీ చెత్త కాదు. ఎవరికి వారు వాటిని బీరువాలో, డబ్బాలో, అరలో వేరువేరుగా దాచుకొన్నారు. అన్నీ కలిసిపోయిన క్షణంలో అన్నీ చెత్త అయినవి. బియ్యాన్ని కిరోసిన్ పాడుచేసినది, పుస్తకాన్ని బియ్యం కుళ్లు పాడుచేసినది. చివరకు ట్రాక్టర్లలో ఎత్తి పోయడం తప్ప వేరే మార్గం లేకపోయినది.

ఆ నాడు నదులు ఒక్క రాత్రిలో చేసిన పనిని మనం ప్రతిదినం మన వంటయింటి మూలలో, మన తరగతి గది గుమ్మంలో చేస్తున్నాం. వంకాయ తొక్క చెత్త కాదు, అది ఎరువు. నిన్నటి దినపత్రిక చెత్త కాదు, దానికి ధర ఉన్నది. రెండింటినీ ఒక సంచిలో కట్టి ముడివేసినప్పుడు తొక్క పత్రికను తడుపుతుంది, పత్రికతోపాటు వచ్చిన ప్లాస్టిక్ ముక్క ఎరువును పాడుచేస్తుంది. ఆ ముడి వేసిన చేయి మనది.

మన పెద్దలకు ఈ విషయం తెలియనిది కాదు. పల్లెలో ప్రతి ఇంట కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు అందులోకి, అక్కడినుండి పశువు నోటిలోకి పోయేవి. పేడ, కసువు దిబ్బకు చేరేవి. దిబ్బ వేసవిలో పొలానికి చేరేది. పట్టణాల చెత్తను సైతం రైతులు బండ్లతో తోలుకొనిపోయేవారని వృద్ధులు చెప్పగా విన్నాను. ఇప్పుడు ఏ రైతూ ఆ పని చేయడు. చేస్తే గాజుపెంకులు నాగలికి కాదు, కాలికి తగులుతవి. పాలసంచులు మట్టిలో పొరలు పొరలుగా పరచుకొని నీటిని ఇంకనీయవు. రైతు చెత్తను అసహ్యించుకొని మానలేదు. మనం దానిని రైతుకు పనికిరాకుండా చేశాం.

ఉర్దూ, తెలుగు రెండూ ఇంటిభాషలుగా ఉన్న మన కళాశాలలో ఒక చిన్న మాటను గురించి చెప్పవచ్చుననుకొంటాను. తెలుగులో 'రద్దీ' అంటే జనసమ్మర్దం. ఉర్దూలో 'రద్దీ' అంటే పనికిరాని కాగితం. తెలుగు నేర్చుకొనే మొదటి రోజులలో బస్సు 'రద్దీగా' ఉన్నదని వింటే నాకు నవ్వు వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే రెండు అర్థాలకు దూరం ఎక్కువ లేదనిపిస్తున్నది. ఒకదానిమీద ఒకటి పడి, ఎవరు ఎవరో తెలియకుండా పోవడమే గదా రద్దీ!

వేరు చేయుట మనకు నేడు చట్టం కూడా. అల్మిత్రా పటేల్ అనే మహిళ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా పురపాలక చెత్త నిర్వహణకు 2000లో మొదటిసారిగా దేశవ్యాప్తమైన నియమాలు వచ్చినవి. 2016 నియమాలు చెత్త పుట్టినచోటనే, అనగా ఇంటిలోనే, దానిని మూడు తెగలుగా వేరు చేయవలెనని విధించినవి. కుళ్లేది ఒకటి, కుళ్లనిది ఒకటి, ఇంటిలోని ప్రమాదకర వస్తువులు ఒకటి. తరువాత నియమాలు ఎట్లు మారినా ఈ మూలసూత్రం మారలేదు. 2015లో హైదరాబాదులో ఇంటింటికి ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచిపెట్టారు. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన కార్యక్రమంలో వాటికి ఎర్ర డబ్బా కూడా తోడైనది. హైదరాబాదులోని మా బంధువుల ఇండ్లలో ఆ డబ్బాలలో ఒకదానిలో బియ్యం, ఒకదానిలో మంచినీళ్లు నేను చూచాను. నవ్వుకొన్నాను గాని, తప్పు పట్టలేకపోయాను. మంచి డబ్బా దొరికితే దానిలో చెత్త వేయుటకు మనసు ఒప్పని తల్లులు వారు.

డబ్బా వచ్చినది, చట్టం వచ్చినది, వ్యాసాలు వచ్చినవి. రానిది ఏమిటో నాకు ఒక కబాడీ దుకాణంలో తెలిసినది.

పాత పత్రికలు, దిద్దివేసిన పరీక్షల కాగితాలు అమ్ముదామని నేను ఒకనాడు బజారులోని ఒక దుకాణానికి పోయాను. త్రాసు వద్ద కూర్చున్నవాడు మన కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థి. నన్ను చూచి తల వంచుకొన్నాడు. ప్రవేశపత్రంలో తండ్రి వృత్తి అన్నచోట 'వ్యాపారం' అని వ్రాసినవాడే. వ్యాపారం అనుటలో అబద్ధం ఏమీ లేదు. కాని ఏ వ్యాపారమో తరగతిలో ఎవరికీ తెలియకుండా అతడు ఏడాదిగా జాగ్రత్తపడుతున్నాడని నాకు అప్పుడే అర్థమైనది. అతని తండ్రి నన్ను పత్రికల కట్టమీద కూర్చుండబెట్టి చాయ్ తెప్పించాడు. నేను మన కళాశాల డబ్బాల సంగతి చెప్పాను. ఆయన నవ్వి అన్నాడు: "రంగులు తర్వాత చెప్పండి సాబ్. ముందు తడి కాకుండా చూడండి. మీ కాలేజీ కాగితం ఎప్పుడూ చాయ్ తాగి వస్తది."

తరువాత ఆయన నాకు తన దుకాణం చూపించాడు. ఒక గంటసేపు నేను విద్యార్థిని.

కాగితం అంతా ఒకటి కాదట. నోటు పుస్తకాల తెల్ల కాగితం ఒక కుప్ప, దినపత్రికలు ఒక కుప్ప, అట్టపెట్టెలు ఒక కుప్ప. మూడింటికీ ధర వేరు, మూడూ పోయే మిల్లులు వేరు. నూనె అంటినది, కూర అంటినది ఎవరికీ అక్కరలేదు. మనం 'కాగితపు కప్పు' అంటున్నది అసలు కాగితమే కాదని ఆయన ఒక కప్పును చించి లోపలి పలుచని ప్లాస్టిక్ పొరను గోటితో లేపి చూపించాడు. ఆ పొర లేకపోతే టీ నిలువదు, ఆ పొర ఉన్నందువలన మామూలు కాగితంతో అది కలియదు. నేను ఏళ్ల తరబడి అందులో త్రాగుతున్నాను. అది నాకు తెలియదు.

ఇనుమును అయస్కాంతంతో ఏరుతారు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. ప్లాస్టిక్ సంగతి మరింత విచిత్రం. నీళ్ల సీసా ముక్కను, బకెట్ ముక్కను ఒక నీళ్ల తొట్టిలో వేసి చూపించాడు. బకెట్ ముక్క తేలినది, సీసా ముక్క మునిగినది. చేతితో నలిపినప్పుడు వచ్చే చప్పుడును బట్టి కూడా ఏది ఏ జాతిదో ఆయన చెప్పగలడు. చదువు రాదని తనను గురించి తానే రెండుసార్లు అన్న మనిషి! అప్పుడు ఆ విద్యార్థి మొదటిసారి నోరు విప్పాడు. సీసా అడుగున త్రికోణంలో ఉన్న 1 అనే అంకెను చూపించి, అది పాలిఇథిలీన్ టెరిఫ్తాలేట్ అనీ, దాని సాంద్రత నీటికంటె ఎక్కువ గనుక మునిగినదనీ, బకెట్టు పాలిప్రొపిలీన్ గనుక తేలినదనీ చెప్పాడు. రసాయనశాస్త్రం తరగతిలో వెనుక బల్లమీద మౌనంగా కూర్చుండేవాడు అతడే. తండ్రి కొడుకువైపు చూచిన చూపును నేను వర్ణించబోను.

చివరకు చిప్స్ సంచి ఒకటి తీసి నేను అడిగాను. ఆయన దానిని అటూ ఇటూ త్రిప్పి ప్రక్కన పడవేశాడు. "ఇది ఎవరూ కొనరు సాబ్. దీనికి అల్లాయే మాలిక్" అన్నాడు. పలుచని ప్లాస్టిక్ పొరల మధ్య లోహపు పూత అంటుకొని ఉంటుంది. వాటిని విడదీయుటకు అయ్యే ఖర్చు దాని విలువకంటె ఎక్కువ. మన కళాశాల ఆవరణలో గాలికి ఎగిరే వస్తువులలో సగం అవే.

మన పట్టణాలలో కబాడీ వ్యాపారం చేసేవారిలో, పాత ఇనుము, సీసాలు ఏరుకొని బ్రతికేవారిలో మనవారి సంఖ్య తక్కువ కాదు. చదువుకొన్న మనం ఆ మాట బయట చెప్పుకొనుటకు సిగ్గుపడతాం. చెత్తను వేరు చేయుటను గురించి నగరాలనుండి నిపుణులను పిలిపించి ఉపన్యాసాలు ఇప్పిస్తాం. ఆ విద్యలో మునిగి తేలినవారు మన వీధి చివరనే ఉన్నారు. ప్రజలకు బోధించుటకు ముందు విద్యార్థులు ఒక గంటసేపు అటువంటి దుకాణంలో కూర్చుండి రావలెనని నా అభిప్రాయం. ఇది పోటీ వ్యాసాలలో ఎవరూ వ్రాయని మాట.

ఇక ఇంటి సంగతి. విద్యార్థి ఇంటిలో చైతన్యం కలిగించవలెనని అనుట సులభం. ఆచరణలో దాని అర్థం ఏమవుతున్నది? కొడుకు కళాశాలలో ప్రతిజ్ఞ చేసి వస్తాడు, పని తల్లికి పెరుగుతుంది. ఈ మాట నేను పుస్తకాలలో చదివి వ్రాయుటలేదు. కబాడీ దుకాణం నుండి వచ్చిన ఉత్సాహంలో నేను మా ఇంటికి మూడవ డబ్బా కొనుక్కొని వెళ్లాను. నా శ్రీమతి దానిని చూచి ఒకటే ప్రశ్న వేసినది: "కాలేజీలో ఉపన్యాసం మీరు ఇస్తారు, ఇంట్లో ఈ డబ్బా ఎవరు కడుగుతారు?" ఆనాటినుండి తడి చెత్త డబ్బాను కడిగే పని నాది. మొదటి వారం వాసనకు కడుపులో త్రిప్పినది. అడుగున పాత పత్రిక పరచి, ఎండుటాకులు చల్లితే వాసన తగ్గుతుందని రెండవ వారంలో తెలిసినది. ఈ చిన్న సంగతి ముప్పది వ్యాసాలలో ఒక్కదానిలోనూ లేదు. వ్రాసినవారు ఎవరూ డబ్బా కడిగి ఉండరు గనుక.

నాలుగవ తరగతి చదివే మా అమ్మాయి ఈ విషయంలో నాకంటె కఠినురాలు. గడియారంలోనుండి తీసిన బ్యాటరీని నేను పొడి చెత్తలో వేయబోతే చేయి పట్టుకొన్నది. పాడైన బ్యాటరీలు, కాలిపోయిన ట్యూబ్‌లైట్లు, కాలం తీరిన మందులు ఇప్పుడు మా ఇంటిలో ఒక అట్టపెట్టెలో ఉన్నవి. ట్యూబ్‌లైటులో పాదరసం ఉంటుంది. పగులగొట్టి కుప్పమీద పారవేస్తే అది మట్టిలోకి, నీటిలోకి పోతుంది. శిశువులకు కట్టే డైపర్లు, స్త్రీలు వాడే ప్యాడ్లు తగినదానిలో భద్రంగా చుట్టి ఇవ్వవలెనని 2016 నియమాలే చెప్పినవి. ఈ మాట సభలో చెప్పుటకు మొగమాటపడతాం. కాని విప్పి ఉన్న దానిని చేతితో ఎత్తే మనిషికి మన మొగమాటం ఏమి మేలు చేస్తుంది?

మన దావతుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒకప్పుడు దస్తర్‌ఖాన్ అంటే గుడ్డ. ఉతికి ఆరవేసి మళ్లీ పరచేవారు. ఇప్పుడు పలుచని ప్లాస్టిక్ చుట్ట. భోజనం ముగియగానే ఎముకలు, మిగిలిన బిర్యానీ, నిమ్మచెక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు అన్నింటినీ దానిలోనే చుట్టి నాలుగు మూలలు ముడివేసి ఒక్క ఊపున బయట పడవేస్తారు. శుభ్రం చేసినట్లే కనిపిస్తుంది. ఇంతకంటె సంపూర్ణంగా చెత్తను కలిపే విధానం నేను మరొకటి ఎరుగను. వీధి ఆవు వచ్చి ఎముకల వాసనకు దూరంగా, అన్నం వాసనకు దగ్గరగా ఆ మూటను ప్లాస్టిక్‌తో సహా నములుతుంది.

బక్రీదు నాడు మనం ఎంత జాగ్రత్తగా భాగాలు వేస్తాం! ఇంటికి ఒక భాగం, బంధువులకు ఒకటి, పేదలకు ఒకటి. తోలు మదర్సాకు. ఇంత చక్కగా వేరు చేయగలిగిన చేతులే ప్రేగులను, రక్తపు గడ్డితో సహా, ప్లాస్టిక్ సంచిలో కట్టి వీధి మూలకు చేరుస్తవి. ఈ మధ్య సంవత్సరాలలో తోలు ధర పడిపోయినందున ఆ తోలు కూడా కొన్నిచోట్ల కుప్పలోనే కనిపిస్తున్నది. పండుగకు ముందురోజే మొహల్లా యువకులు నలుగురు కలిసి పురపాలక సిబ్బందితో మాట్లాడి, ఆ వ్యర్థానికి ప్రత్యేకంగా ఒక బండిని ఏర్పాటు చేసుకొంటే ఎండకు ముందే అది వీధి దాటిపోతుంది. ఈ పనికి డిగ్రీ విద్యార్థులకంటె తగినవారు ఎవరున్నారు?

ఇంతకూ ఇవన్నీ కలిసి ఎక్కడికి పోతవి? ఊరి బయటకు. ఊరి బయట అన్నది మరొకరి ఊరు. గాలి తగలకుండా కుళ్లిన తడి చెత్తనుండి మీథేన్ అనే మండే వాయువు పుడుతుంది. వేసవిలో దిబ్బలు తమంతట తాము రాజుకొనుటకు అదొక కారణం. ఢిల్లీలోని ఘాజీపూర్ చెత్తకొండలో ఒక భాగం 2017 సెప్టెంబరు 1న కూలి రోడ్డుమీద పోతున్న ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. కొండ అని మనం అలవాటుగా అంటున్నాం. అందులోని ప్రతి గంపెడూ ఏదో ఒక ఇంటినుండి ముడివేసి వచ్చినదే.

ఇది సాధ్యమయ్యే పని కాదని, మన జనం మారరని నా సహాధ్యాపకులు కొందరు అంటారు. వారికి నేను సూర్యాపేటను చూపిస్తాను. ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో, లక్ష జనాభా గల ఆ పట్టణంలో, ఎస్. ఎ. ఖాదర్ సాహెబ్ పురపాలక కమిషనరుగా ఉండగా, ఇంటింటి నుండి తడి, పొడి చెత్తలను వేరువేరుగా సేకరించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి, వీధులలోని చెత్తకుండీలనే తొలగించివేశారు. దేశంలో ఇతర పట్టణాలు ఆ పద్ధతిని చూచి నేర్చుకొన్నవి. ఆయన పేరు నేను ఇక్కడ వ్రాయుట మనవాడు అన్న గర్వంతో మాత్రమే కాదు (గర్వం లేదని అనను). ఆ పట్టణంలో పెద్ద యంత్రాలు ఏమీ తేలేదు. ఇంటిలో వేరు చేసినదానిని బండిలో కలపలేదు, బండిలో వేరుగా వచ్చినదానిని కుప్పలో కలపలేదు. గుట్టు అంతా అదే. మన ఆవరణలో తెగిపోయినది కూడా అక్కడే.

అందువలన ఆ ఊడ్చే మనిషిమీద కోపపడుట అన్యాయం. ఆకుపచ్చ డబ్బాలో మనం వేసిన ప్లాస్టిక్ కప్పులను చూచిన తరువాత రెండింటినీ వేరుగా మోయుటకు అతనికి కారణం ఏమి కనిపించాలి? అదీగాక అతనికి ఉన్నది ఒకే బండి. మనం రెండు డబ్బాలు కొన్నాం, ప్రక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకొన్నాం, రెండవ బండి కొనలేదు. అతనిని పిలిచి అడిగితే చేతిమీది మచ్చ చూపించాడు. కూర ముద్దలో దాగిన పాత బ్లేడు కోసినదట. ఆ బ్లేడు ఏ డబ్బానుండి వచ్చినదో అతడు చెప్పలేదు. నేనూ అడుగలేదు.

ఒక ఆక్షేపణ మాత్రం నేను తేలికగా తీసివేయలేను. విద్యార్థులచేత డబ్బాలు మోయించే ఆలోచన తెలియగానే ఒక తండ్రి నా వద్దకు వచ్చి, "మేము తరతరాలుగా ఈ పనే చేశాం సార్. నా కొడుకు ఇది చేయకూడదనే మీ వద్దకు పంపాను" అన్నాడు. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు, ఉండకూడదు కూడా. శ్రమగౌరవం అనే మాటను ఎన్నడూ చెత్త ముట్టనివారు, తరతరాలుగా అది తప్ప వేరే పని దొరకనివారికి బోధించరాదు. కాబట్టి ఈ పని వంతుల ప్రకారం జరగవలసి ఉన్నది. ఆ వంతులలో మొదటి పేర్లు అధ్యాపకులవి కావలెను. ఆ తండ్రి కుమారునికి ఇష్టం లేకపోతే అతనిని ఎవరూ బలవంతపెట్టరాదు, ఎందుకు రాలేదని అడుగనూరాదు. ప్రిన్సిపాల్ గారు ఈ షరతుకు అంగీకరించి, తమ పేరును మొదటి సోమవారానికి తామే వ్రాసుకొన్నారు.

ఈ సంవత్సరం మనం చేసినది స్వల్పం. రెండవ తోపుడు బండి వచ్చినది, పాతదే గాని చక్రాలు బాగున్నవి. గ్రంథాలయం వెనుక వేపచెట్టు క్రింద మూడడుగుల గుంత తవ్వాము. క్యాంటీను తొక్కలు ఒక పొర, వేపాకు ఒక పొర, కొద్దిగా నీళ్లు, వారానికి ఒకసారి కలియబెట్టుట. అంతకుముందు ఆ ఆకులను ప్రతి సాయంత్రం తగులబెట్టేవారు. ఆ పొగలోనే మనం ఆరు గంటల వరకు తరగతులు చెప్పేవాళ్లం. మొదటి నెలలో ఆకు తక్కువ వేసినందున దుర్వాసన వచ్చి అర్థశాస్త్ర విభాగంవారు ఫిర్యాదు చేశారు. వారి ఫిర్యాదు న్యాయమైనదే. ఆకు పెంచిన తరువాత వాసన పోయినది. మూడవ నెల చివర చేతిలోకి తీసుకొంటే మట్టి వాసన వచ్చింది. ఆ ఎరువును హాస్టలు ముందరి మల్లెమొక్కలకు వేశారు.

పొడి కాగితం, అట్టలు నెలకు రెండుసార్లు కబాడీ దుకాణానికి పోతున్నవి. ఆ సొమ్ము పేద విద్యార్థుల పుస్తకనిధికి జమ అవుతున్నది. తూకం చూచేది ఆ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థే. అతడు మిత్రులను వెంటబెట్టుకొని పోతున్నాడని విన్నాను. తన తండ్రి దుకాణమని వారికి చెప్పినదీ లేనిదీ నేను విచారించలేదు. చిప్స్ సంచుల సమస్య మాత్రం తీరలేదు. క్యాంటీనులో వాటి అమ్మకం మానివేయవలెనని నేను ప్రతిపాదించగా విద్యార్థులే వ్యతిరేకించారు. ఆ వాదం ఇంకా నడుస్తున్నది. కొన్ని దినాలలో, ముఖ్యంగా సభలు జరిగిన సాయంత్రాలలో, రెండు డబ్బాలూ మళ్లీ ఒకే బండిలో కలుస్తున్నవి. నిన్న కూడా కలిసినవి.

మొదటి గుంత నిండినది. వానలకు ముందే దాని ప్రక్కన రెండవది తవ్వవలసి ఉన్నది. వచ్చే శనివారం జుహర్ నమాజు తరువాత ప్రారంభిస్తాం. కళాశాలలో గడ్డపారలు రెండే ఉన్నవి. ఇంటివద్ద ఉన్నవారు తెచ్చుకొనవలెను. టీ ఉంటుంది. కప్పు ఎవరిది వారే తెచ్చుకొనవలెను.